అటకెక్కిన ఆటపెట్టె



సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అటక మీదనుంచి ఏమేం దిగుతాయో మీకు నేను చెప్పాలా? మూతలేని మిక్సీ జారు, పిల్లల చిన్నప్పటి మూడుచక్రాల బండి, ఎవరో పెళ్ళిలో చదివించిన గోడగడియారం. మొన్న మా ఇంట్లో వీటితోపాటు పాత దుప్పట్లో చుట్టిన నల్లటి పెట్టె ఒకటి దిగింది. మా అబ్బాయి ఆడుకున్న గేముల పెట్టె, ప్లేస్టేషన్ 3. 2010లో వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా, మార్కులు బాగా వస్తే కొనిపెడతానని మావారు మాట ఇచ్చి ఇరుక్కుపోయి కొన్నది. ఇప్పుడు వాడు బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. పెట్టె అటకెక్కింది.

పాత సామాన్లవాడికి వేసేద్దామని గుమ్మం దగ్గర పెట్టాను కూడా. సరిగ్గా ఆ రోజే మామయ్యగారు ఒక మాట అడిగారు. "అమ్మాయ్, మన చిన్నదాని పెళ్ళి డిస్కు ఉందిగా, ఓసారి వెయ్యమ్మా" అన్నారు.

సంగతేమిటంటే, మా అత్తయ్యగారు పోయి రెండేళ్ళయింది. ఫొటోలు బోలెడన్ని ఉన్నాయి గాని, ఆవిడ గొంతు మాత్రం ఒక్కచోటే ఉంది. 2007లో మా ఆడపడుచు పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఆవిడ ఒక పాట పాడారు. ఆ పాట పెళ్ళి డీవీడీలోనే ఉంది. రెండు సెట్లు చేయించాం. ఒకటి ఆడపడుచు అమెరికా పట్టుకెళ్ళింది. అక్కడి ప్లేయరులో పడలేదని మూల పడేసి, ఇళ్ళు మారడంలో ఎక్కడో పోగొట్టుకుంది. వీడియో తీసిన స్టూడియో ఎత్తేసి చాలా కాలమైంది. కనక మిగిలింది మా బీరువాలో ఉన్న ఆ ఒక్క డిస్కే.

డిస్కు ఉంది సరే, వేసేది దేంట్లో? డీవీడీ ప్లేయరు ఎప్పుడో అమ్మేశాం. టీవీ కొత్తది, దానికి డిస్కు పెట్టే చోటే లేదు. మావారి ల్యాప్‌టాప్‌కీ లేదు. ఎటూ తోచక మా అబ్బాయికి ఫోను చేసి, "ఒరే, నీ గేముల పెట్టెలో డిస్కు పెడతారుగా, అందులో పెళ్ళి డిస్కు పడుతుందా?" అని అడిగాను. "అది పాడైపోయిందమ్మా, గేము డిస్కులు చదవట్లేదు, అందుకే పక్కన పడేశాను, పారెయ్యి" అన్నాడు. దగ్గర్లో ఉన్న మరమ్మతు దుకాణానికి తీసుకెళితే, ఆయన కనీసం కరెంటుకు తగిలించకుండానే "బోర్డు పోయిందండీ" అని తేల్చేశాడు. నాకెందుకో నమ్మకం కలగలేదు. ఇంటికి తెచ్చి నేనే తగిలించి చూశాను. గేము డిస్కు పెడితే మా అబ్బాయి చెప్పినట్టే చదవలేదు. పెళ్ళి డిస్కు పెడితే, ఆశ్చర్యం, సన్నాయి మేళం వినిపించింది!

ఇది ఎట్లా సాధ్యమని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ పెట్టె డిస్కును లేజరు వెలుగుతో చదువుతుంది. గేములు వచ్చేది బ్లూ-రే డిస్కుల మీద. వాటిని చదవడానికి నీలి ఊదారంగు వెలుగు కావాలి. డీవీడీకి ఎర్ర వెలుగు చాలు. పాటల సీడీకి అయితే కంటికి కనిపించని పరారుణ కిరణం. ఒకే డ్రైవులో ఇవన్నీ వేర్వేరుగా అమర్చి ఉంటాయి. బ్లూ-రే డిస్కు మీద గుర్తులు మరీ సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ వెలుగు కొంచెం నీరసించినా, అద్దం మసకబారినా చదవలేక చేతులెత్తేస్తుంది. ఎర్ర వెలుగు మాత్రం బాగానే ఉండవచ్చు. అందుచేత పిల్లలు "గేములు రావట్లేదు, పాడైంది" అన్న పెట్టె మన పనికి నిక్షేపంలా పనికిరావచ్చు. పారేసే ముందు ఒక పాటల సీడీ, ఒక సినిమా డీవీడీ పెట్టి చూడండి. పోయేదేముంది?

ఇట్లా ఆటపెట్టెను సినిమాల పెట్టెగా వాడుకోవడం నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు లెండి. 2001లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌బాక్స్ అనే ఆటపెట్టె విడుదల చేశారు. అందులో 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 64 ఎంబీ మెమరీ, 8 జీబీ హార్డ్‌డిస్కు ఉండేవి. ఇవాళ మన చేతిలో ఫోను ముందు అది ఏ మూలకీ రాదు. పైగా దాంట్లో డీవీడీ చూడాలంటే రిమోటు విడిగా కొనుక్కోవాలి. కొందరు ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఇది నచ్చలేదు. టీవీ పక్కనే కూర్చున్న పెట్టె, లోపల కంప్యూటరు లాంటి సరంజామా అంతా ఉంది, పాటలూ సినిమాలూ ఎందుకు వెయ్యకూడదు అని కంపెనీ వేసిన తాళం తప్పించి సొంత ప్రోగ్రాం ఎక్కించారు. 2002లో ఎక్స్‌బాక్స్ మీడియా ప్లేయర్ అని మొదలైంది, తర్వాత ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ అయింది, 2014లో కోడి అని పేరు మార్చుకుంది. ఇప్పుడు ఫోన్లలోనూ టీవీల్లోనూ నడుస్తున్న కోడి పుట్టిల్లు ఆ ఆటపెట్టే. ప్లెక్స్ అని ఇంకొకటి వాడుతుంటారు, అదీ ఆ చెట్టునుంచి చీలిన కొమ్మే. తమాషా ఏమిటంటే, పుట్టింటి గడప ఇప్పుడు కోడి తొక్కదు. 2010లోనే ఆ పాత ఎక్స్‌బాక్స్‌ను దాన్ని తయారుచేసేవాళ్ళు వదిలేశారు.

మీ ఇంట్లో ఒకవేళ ఆ మొదటి ఎక్స్‌బాక్స్ ఉంటే ఒక జాగ్రత్త. లోపల గడియారం కోసం పెట్టిన కెపాసిటరు ఏళ్ళు గడిచేకొద్దీ కారి, బోర్డును తినేస్తుంది. చివర్లో తయారైనవాటికి తప్ప మిగతావాటికి ఈ రోగం ఉంది. తెలిసినవాళ్ళ చేత దాన్ని తీయించెయ్యాలి. తీసేసినా పెట్టె పనిచేస్తుంది, టైము మాత్రం గుర్తుపెట్టుకోదు. తాళాలు తప్పించే పని మనలాంటివాళ్ళకు అక్కర్లేదు. ప్లేస్టేషన్ 3కి అసలు ఆ అవసరమే లేదు, కంపెనీవారు ఇచ్చిన ఏర్పాట్లే మనకు చాలు.

సరే, మా పెట్టె సంగతికి వస్తాను. మొదట వచ్చిన చిక్కు ఆటల రిమోటు దగ్గర. చేతిలో పట్టుకునే ఆ కంట్రోలరు ఏళ్ళ తరబడి వాడక చార్జింగు పోయింది. ఫోను చార్జరు తీగ దానికి పట్టదు. వెనకటి కెమెరాలకు వచ్చేదే, మినీ యూఎస్‌బీ అనే తీగ, అది కావాలి. ఆ తీగ తెచ్చి గోడ చార్జరుకు తగిలిస్తే ఎక్కలేదు. చాలా చార్జర్లతో ఇది ఎక్కదట. ఒక కొస పెట్టెకు, ఒక కొస కంట్రోలరుకు తగిలించి, పెట్టె వేసి ఉంచితే ఎక్కింది. ఈ చిన్న సంగతి తెలియక ఒక పూటంతా వృథా చేశాను.

రెండో చిక్కు, టీవీకి తీగ తగిలిస్తే బొమ్మ రాలేదు. తెర అంతా నలుపు. పాత టీవీకి మూడు రంగుల తీగతో కలిపి ఉన్నప్పటి లెక్క దాని బుర్రలో అట్లాగే ఉండిపోయిందన్నమాట. దీనికి మందు సులువు. పెట్టెను ఆపి, పవర్ మీటను అయిదారు సెకన్లు, రెండోసారి 'బీప్' అనేదాకా నొక్కి పట్టుకుంటే, ఎక్కడ బొమ్మ చూపాలో మళ్ళీ మొదటినుంచి వెతుక్కుంటుంది. హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటి కొంటే బొమ్మా శబ్దమూ రెండూ దాంట్లోనే వెళ్ళిపోతాయి.

ఇక పెళ్ళి డిస్కు. స్నాతకం బాగానే సాగింది, తలంబ్రాలూ బాగానే పడ్డాయి. అప్పగింతల దగ్గరకు వచ్చేసరికి బొమ్మ ముక్కలుముక్కలై ఆగిపోయింది. మామయ్యగారు ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

స్టూడియోవాళ్ళు ఇచ్చే డిస్కు, కొట్లో కొన్న సినిమా డిస్కు చూడ్డానికి ఒకటిలాగే ఉంటాయి గాని, ఒకటి కావు. సినిమా డిస్కు అచ్చుపోసినది. పెళ్ళి డిస్కులో ఒక రంగుపూత ఉంటుంది, దాని మీద లేజరుతో రాస్తారు. ఎండ తగిలితే, వేడి తగిలితే, ఏళ్ళు గడిస్తే ఆ రంగు వెలుస్తుంది. పట్టుచీర రంగు పోయినట్టే. మరక పడితే తుడుచుకోవచ్చు, రంగు వెలిసిపోతే చేసేదేమీ లేదు. అందుకని ఇవాళే, అంటే ఈ ప్రసంగం అయిన వెంటనే, మీ ఇంట్లో పెళ్ళి డిస్కులూ ఒడుగు డిస్కులూ ఉంటే బయటికి తీసి చూసుకోండి.

మర్నాడు మెత్తని నూలుగుడ్డతో డిస్కు తుడిచాను. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. మధ్యనుంచి అంచుకు, సూటిగా, బండి చక్రం ఆకుల్లాగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత, రాసిన వరుస వెంటే పడుతుంది, అప్పుడు చాలా మేర చదవడం పోతుంది. అడ్డంగా పడిన చిన్న గీతను ఎట్లాగో దాటేస్తుంది. తుడిచాక కొంత మెరుగైంది గాని పాట మధ్యలో ఇంకా తడబడుతూనే ఉంది. మళ్ళీ మళ్ళీ వేసి చూడ్డం నాకు భయమేసింది. ముందు నకలు తీయాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ప్లేస్టేషన్ 3 పాటల సీడీని తన హార్డ్‌డిస్కులోకి నకలు చేసుకుంటుంది. డీవీడీని చేసుకోదు. దానికి కంప్యూటరు కావలసిందే. మా పై వాటాలో ఇంజనీరింగు చదివే కుర్రాడున్నాడు. వాడి పాత కంప్యూటరుకు డిస్కు డ్రైవుంది. "పిన్నిగారూ, ఒక్కో డ్రైవు ఒక్కోలా చదువుతుంది, ప్రయత్నిద్దాం" అన్నాడు. హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. దాంతో డిస్కులోని వీడియోను ఎంపీ4 అనే ఫైలుగా మార్చాడు. పాట దగ్గర డ్రైవు కీచుకీచుమంటూ చాలాసేపు తంటాలు పడింది. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఏదో ఆపరేషను గది బయట కూర్చున్నట్టు. చివరికి పాట వచ్చింది. రెండో చరణంలో మూడు నాలుగు సెకన్లు బొమ్మ చదరాలుగా విడిపోతుంది, ఒక మాట వినిపించదు. మిగతాదంతా దక్కింది.

ఇది మన సొంత డిస్కు కనక నకలు తీసుకున్నాం. కొట్లో కొన్న సినిమాల మాట వేరు. వాటికి తాళాలూ, వాళ్ళ హక్కులూ ఉంటాయి. వాటిని డిస్కుగానే వేసుకుని చూడండి.

ఆ ఫైలు పెన్‌డ్రైవులో వేసి తెచ్చి ఆటపెట్టెకు తగిలిస్తే, పెన్‌డ్రైవు ఉన్నట్టే గుర్తించలేదు. కుర్రాడు నాలిక కరుచుకున్నాడు. ఈ పెట్టెకు ఫ్యాట్32 అనే పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవే అర్థమవుతుంది. మన వంటింట్లో డబ్బాలకు మరలమూత, నొక్కుడుమూత తేడా ఉన్నట్టు, వీటిలోనూ సర్దుబాటు పద్ధతులు రకరకాలు. 32 జీబీ దాకా ఉన్న పెన్‌డ్రైవును కంప్యూటరులో ఆ పద్ధతికి మార్చుకోవడం సులువే. కాని మారిస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ముందు ఖాళీ చేసుకోకుండా ఆ పని చేయకండమ్మా. ఇంకొకటి, ఈ పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. దాటితే పెన్‌డ్రైవులోకి రానే రాదు. పెద్ద వీడియో అయితే రెండు భాగాలు చేయించుకోండి.

పెన్‌డ్రైవులో వీడియో, మ్యూజిక్, పిక్చర్ అని ఇంగ్లీషు పెద్దక్షరాలతో మూడు అరలు చేసి, దేనివి దాంట్లో వేస్తే పెట్టె తనే వెతుక్కుంటుంది. ఇంకో పేరున్న అరలో వేసి ఉంటే, పెన్‌డ్రైవు గుర్తు మీద నిలబడి త్రికోణం మీట నొక్కి, అన్నీ చూపించమనే మాట ఎంచుకోవాలి. అదే త్రికోణంలో 'కాపీ' అని కూడా ఉంటుంది. అది నొక్కితే ఫైలు పెట్టె లోపలి హార్డ్‌డిస్కులోకి చేరుతుంది. ఆ తర్వాత పెన్‌డ్రైవు అక్కర్లేదు. ఇంటూ గుర్తు మీట 'సరే', సున్నా గుర్తు మీట 'వెనక్కి'. ఈ మూడూ తెలిస్తే చాలు, మిగతా మీటలు శత్రువులను కాల్చడానికట, మనకెందుకు?

ఎంపీ3 పాటలు, ఫొటోలు శుభ్రంగా చూపిస్తుంది. ఫొటోలను బల్ల మీద ఒకదాని మీద ఒకటి వేస్తున్నట్టు చూపించే పద్ధతి ఒకటుంది, పేరంటానికి వచ్చినవాళ్ళకు అది భలే నచ్చింది. పడనివీ ఉన్నాయి. ఎంకేవీ అనే ఫైలు దానికి పడదు. కొత్త ఫోన్లలో చాలావాటితో తీసిన వీడియోలు హెచ్ఈవీసీ అనే కొత్త పద్ధతిలో ఉంటాయి, అవీ పడవు. పెట్టె పుట్టినప్పుడు ఆ పద్ధతే లేదు మరి. ఫోను సెట్టింగుల్లో పాత పద్ధతిలో తీయమని మార్చుకోవచ్చు, లేదా హ్యాండ్‌బ్రేక్‌తోనే మార్పించుకోవచ్చు. ఇంట్లో వైఫై ఉంటే కంప్యూటరులో ఉన్న వీడియోలను తీగ లేకుండానే చూడొచ్చు. కంప్యూటరులో యూనివర్సల్ మీడియా సర్వర్ లాంటి ప్రోగ్రాం ఒకటి నడుస్తుండాలి. పెట్టెకు పడని ఫైళ్ళను అది అప్పటికప్పుడు పడేట్టు మార్చి అందిస్తుంది కూడా. ఇంటర్నెట్ చూడ్డానికి మాత్రం ఈ పెట్టెను నమ్ముకోకండి. దాని బ్రౌజరు ముసలిదైపోయింది, ఈనాటి వెబ్‌సైట్లు చాలావరకు సరిగ్గా తెరుచుకోవు.

కరెంటు మాట చెప్పకపోతే మావారు ఊరుకోరు. మొదట్లో వచ్చిన లావుపాటి మోడలు సినిమా వేస్తున్నప్పుడు కూడా 150 వాట్ల పైనే తాగుతుంది. రోజుకు మూడు గంటల చొప్పున లెక్కేస్తే నెలకు పదమూడున్నర యూనిట్లు. 2009 నుంచి వచ్చిన సన్నరకం మాది, అది వంద వాట్ల లోపే. ఇప్పుడు టీవీకి గుచ్చే చిన్న స్టిక్కులు నాలుగైదు వాట్లతో సరిపెట్టుకుంటాయి. కాబట్టి రోజంతా పాటలు మోగించడానికి ఇది కాదు. డిస్కులు వెయ్యడానికి, సాయంత్రం ఓ గంట చూడ్డానికి మంచిది. ఇవేవీ లేని ఇంట్లో, కొత్తగా కొనాలంటే మాత్రం, ఆటపెట్టె వెతుక్కుంటూ వెళ్ళకండి. ఉన్నదాన్ని వాడుకోవడమే ఇందులో లాభం.

వేడి సంగతి నేను అనుభవించి చెబుతున్నాను. దుమ్ము పడకుండా ఉంటుందని టీవీ కింద అద్దాల బీరువాలో పెట్టి తలుపు మూశాను. ముప్పావుగంటకల్లా ఎర్రదీపం మిణుకుమిణుకుమని ఆగిపోయింది. ప్రాణం పోయిందనుకున్నాను. చల్లారాక మళ్ళీ లేచింది, నా అదృష్టం. వెనకా పక్కలా జానెడు ఖాళీ ఉండాలి. మీద క్రోషే గుడ్డలు కప్పకండి. గాలి సందుల్లో దుమ్మును మెత్తని బ్రష్షుతో నెలకోసారి లాగెయ్యండి. సినిమా మధ్యలో కరెంటు పోతే, తిరిగి వేసినప్పుడు హార్డ్‌డిస్కు సరిచూసుకుంటానని అడుగుతుంది. సరేనని, అది పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి. ప్లగ్గు పీకి ఆపే అలవాటు మానుకోవాలి.

అమెరికానుంచి పిల్లలు తెచ్చి వదిలేసిన పెట్టె అయితే వెనకవైపు వోల్టేజీ చూడండి. 120 అని మాత్రమే రాసి ఉంటే మన 230 కరెంటులో తిన్నగా పెట్టకూడదు. ఇంకో తిరకాసుంది. మన పెళ్ళి డిస్కులు సాధారణంగా ప్యాల్ పద్ధతిలో ఉంటాయి. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ. అమెరికా పెట్టె ప్యాల్ డిస్కును చూపించనంటుంది. మా ఆడపడుచు డిస్కు అక్కడ పడకపోవడానికి కారణం ఇదే. పదిహేనేళ్ళ పైగా ఆ పిల్ల, డిస్కు పాడైందనుకునే ఉంది. ఇప్పుడు ఎంపీ4 ఫైలు పంపించాం, తన కంప్యూటరులోనే చూసుకుంది. ఫోనులో ఏం మాట్లాడిందో నాకు తెలియదు, మామయ్యగారితో చాలాసేపు మాట్లాడింది.

ఆ కంట్రోలరు మామయ్యగారి చేతికి ఒదగలేదు. మామూలు రిమోటు కిరణాలు ఈ పెట్టె అందుకోదు. కాని సన్నరకం మోడళ్ళలో, సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'కంట్రోల్ ఫర్ హెచ్‌డీఎంఐ' అని ఒకటుంది. అది వేసి, టీవీలోనూ అలాంటి ఏర్పాటు ఉంటే, టీవీ రిమోటుతోనే ఈ పెట్టెనూ నడిపించవచ్చు. అది వేశాక ఆయనకు నా సాయం అక్కర్లేకపోయింది. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆయనే పాట వేసుకుంటారు. ఆ రెండో చరణంలో వినిపించని మాట దగ్గరకు వచ్చేసరికి, తనే ఆ మాట అందిస్తారు.